ముందు ట్రీ, తర్వాత రిబ్బన్: ఆన్సిస్ మెకానికల్‌లో దారి తెలియడం

యంత్రభాగాలు బలానికి, వేడికి ఎలా స్పందిస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టే ఆన్సిస్ మెకానికల్‌లో కొత్తగా పని మొదలుపెట్టినవారికి తొలి ఇబ్బంది ఇంజనీరింగ్ వల్ల రాదు. విశ్లేషించవలసిన భాగం సిద్ధంగా ఉంటుంది, పదార్థం తెలుసు, ఎక్కడ బిగించాలో, ఎక్కడ బలం పడుతుందో కాగితం మీద రాసుకుని ఉంటారు. అయినా ఆ బలాన్ని ఇవ్వవలసిన బటన్ మాత్రం పైనున్న బటన్ల పట్టీలో, అంటే రిబ్బన్‌లో, ఎంత వెతికినా కనిపించదు. నిన్న ల్యాబ్‌లో చూసిన చోటే ఈరోజు మెష్‌కు (భాగాన్ని లెక్క కోసం చిన్న ముక్కలుగా విడగొట్టే వలకు) సంబంధించిన బటన్లు ఉంటాయి. ఇన్‌స్టాలేషన్ సరిగా జరగలేదనో, లైసెన్సులో ఆ సౌకర్యం లేదనో అనుమానించేవారూ ఉంటారు. అసలు జరిగింది చాలా చిన్న విషయం. పనిలోని అంశాలను మెట్లుగా చూపే ఎడమవైపు జాబితాలో, అంటే ట్రీలో, మెష్ అనే అంశం ఎంపికై ఉంది, దాన్ని బట్టి రిబ్బన్ మారిపోయింది. స్టాటిక్ స్ట్రక్చరల్ (స్థిర బలాల విశ్లేషణ) అనే అంశం మీద ఒకసారి నొక్కితే ఫోర్స్, ప్రెషర్, ఫిక్స్‌డ్ సపోర్ట్ అన్నీ తిరిగి వస్తాయి.

చాలా పాఠాలు ఈ సంబంధాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, ఏ ట్యాబులో ఏ బటన్ ఉందో వరుసగా చెప్పుకుపోతాయి. అలా నేర్చుకున్నవారికి బటన్ ఉన్న చోటు మాత్రమే గుర్తుంటుంది. వెర్షన్ మారినా, స్క్రీన్ చిన్నదైనా, విశ్లేషణ రకం వేరైనా ఆ చోటు మారుతుంది కనుక నేర్చుకున్నది అక్కరకు రాదు. ట్రీకీ రిబ్బన్‌కూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నవారికి చోటుతో పెద్దగా పనిలేదు. అంతకంటే ముఖ్యంగా, రిబ్బన్ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో వారికి తెలుస్తుంది. సిమ్యులేషన్‌లో తప్పుడు ఫలితాలు ఎక్కువగా పుట్టేది ఈ రెండో చోటే.

రిబ్బన్ పుట్టింది ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ కోసం కాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2003 నాటికి అందులో 31 టూల్‌బార్లు, 19 టాస్క్ పేన్లు పోగయ్యాయి. కొత్త సౌకర్యం వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త బార్ చేరుతూ పోవడంతో, ఉన్న సౌకర్యాన్నే కొత్తగా కావాలని వినియోగదారులు అడిగే స్థితి వచ్చింది. ఆఫీస్ 2007 ఆ బార్లను, మెనూలను తీసేసి, చేసే పనిని బట్టి ట్యాబులుగా అమర్చిన ఒకే వెడల్పాటి పట్టీని తెచ్చింది. ఆ పద్ధతి తర్వాత డిజైన్, గణన సాఫ్ట్‌వేర్లలోకి ఒక్కొక్కటిగా పాకింది. ఆటోక్యాడ్‌కు 2009 వెర్షన్‌తో, మ్యాట్‌ల్యాబ్‌కు ఆర్2012బితో, కామ్సాల్‌కు 2013లో వచ్చిన 4.4 వెర్షన్‌తో, సిమ్యులింక్‌కు ఆర్2019బితో ఇలాంటి పట్టీ వచ్చింది. ఆన్సిస్ మెకానికల్ 2019 ఆర్2 వెర్షన్‌లో పాత మెనూలను, కాంటెక్స్ట్ టూల్‌బార్లను వదిలి రిబ్బన్‌కు మారింది.

అయితే ఉత్తరం రాసే సాఫ్ట్‌వేర్‌కూ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌కూ పని స్వభావంలోనే పెద్ద తేడా ఉంది. వర్డ్ 2003 వినియోగంపై మైక్రోసాఫ్ట్ సేకరించిన సమాచారంలో పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ అనే 5 ఆదేశాలే మొత్తం వాడకంలో సుమారు 32 శాతమని తేలింది. ఏ పేరాలోనైనా, ఏ క్రమంలోనైనా ఆ ఆదేశాలు పనిచేస్తాయి. అక్షరాలను ముందు బోల్డ్ చేసి తర్వాత వాక్యం దిద్దినా, దిద్దిన తర్వాత బోల్డ్ చేసినా ఉత్తరం ఒకటే. సిమ్యులేషన్‌లో అలా కుదరదు. జామెట్రీ లేనిదే మెష్ లేదు, మెష్ లేనిదే సమీకరణాలు లేవు, సమీకరణాలను సాధించనిదే చూడడానికి స్ట్రెస్ (పదార్థం లోపల పుట్టే ఒత్తిడి) లేదు. పై మెట్టులో చేసిన ప్రతి మార్పూ కింది మెట్లలోని ఫలితాలను చెల్లకుండా చేస్తుంది. ఈ పరాధీనతను చూపేది ట్రీ. ప్రాజెక్ట్ కింద మోడల్, మోడల్ కింద జామెట్రీ, మెటీరియల్స్, కోఆర్డినేట్ సిస్టమ్స్, కనెక్షన్స్, మెష్, ఆ తర్వాత విశ్లేషణ, దాని కింద అనాలిసిస్ సెట్టింగ్స్, భారాలు, ఆధారాలు, చివరన సొల్యూషన్. పైనుంచి కిందికి చదివితే అదే పని క్రమం. రిబ్బన్ ఆ క్రమంలో ఎంపికైన ఒక్క మెట్టు దగ్గర ఏం చేయవచ్చో మాత్రమే చూపుతుంది.

తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది; ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో తేలిన తర్వాతే దాన్ని ఏం చేయాలో చెబుతాం. ఈ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సంభాషణ కూడా ఆ వరుసలోనే సాగుతుంది. ట్రీలో వస్తువును ముందు పేర్కొనాలి, రిబ్బన్‌లో క్రియను తర్వాత ఎంచుకోవాలి, ఆ క్రియ ఎంత, ఎటు, దేనిమీద అన్న వివరాలను ఎడమవైపు అడుగున ఉండే డీటెయిల్స్ పట్టికలో నింపాలి. క్రియతో మొదలుపెట్టి వస్తువు కోసం వెతికేవారికే రిబ్బన్ గజిబిజిగా కనిపిస్తుంది.

స్థిరంగా ఉండేవి, మారేవి

రిబ్బన్‌లో కొన్ని ట్యాబులు ఎప్పుడూ ఉంటాయి. ఫైల్, హోమ్, డిస్‌ప్లే, సెలెక్షన్, ఆటోమేషన్ ఆ కోవలోవి. హోమ్‌లో ట్రీ అంశాలను కాపీ చేయడం, తొలగించడం, వెతకడం, సాల్వ్ బటన్, నేమ్డ్ సెలెక్షన్ (పేరు పెట్టి దాచుకునే ఎంపిక), కోఆర్డినేట్ సిస్టమ్ వంటివాటిని చేర్చడం, యూనిట్లను మార్చడం, విండోల అమరికను మొదటి స్థితికి తేవడం వంటి అన్ని దశలకూ పనికివచ్చే పనులున్నాయి. పొరపాటున డీటెయిల్స్ పట్టికనో, ట్రీనో మూసేసి దిక్కుతోచక కూర్చున్నవారికి హోమ్‌లోని లేఅవుట్ విభాగమే శరణ్యం. డిస్‌ప్లే, సెలెక్షన్ ట్యాబులు చూపునకూ ఎంపికకూ సంబంధించినవి, లెక్కను తాకవు.

హోమ్ పక్కనే ఉండే ట్యాబు మాత్రం నిలకడగా ఉండదు. ట్రీలో మోడల్ మీద ఉంటే దాని పేరు మోడల్, మెష్ మీద ఉంటే మెష్, కనెక్షన్స్ మీద ఉంటే కనెక్షన్స్. స్టాటిక్ స్ట్రక్చరల్ మీదికి వెళితే ఎన్విరాన్‌మెంట్ అవుతుంది, సొల్యూషన్ మీదికి వెళితే సొల్యూషన్, ఒక ఫలితం మీదికి వెళితే రిజల్ట్. ఎన్విరాన్‌మెంట్ అన్న పేరు అదే ఉన్నా, విశ్లేషణ రకం మారితే లోపలి సరంజామా మారుతుంది. స్టెడీ స్టేట్ థర్మల్ విశ్లేషణలో అక్కడ టెంపరేచర్, కన్వెక్షన్, రేడియేషన్, హీట్ ఫ్లక్స్ ఉంటాయే తప్ప ఫోర్స్ ఉండదు. ఉష్ణ సమీకరణంలో బలానికి చోటు లేదు కనుక రిబ్బన్‌లోనూ లేదు. కావలసిన బటన్ లేకపోవడం కూడా ఒక సమాచారమే అని గ్రహించినవారు, ట్రీలో సరైన చోట ఉన్నామా, ఆ భౌతిక సమస్యకు అసలు ఆ ఆదేశం వర్తిస్తుందా అన్న రెండు ప్రశ్నలు వేసుకుని ముందుకు సాగుతారు.

ఇంకొక పట్టీ తరచుగా రిబ్బన్‌తో కలిసిపోయి కనిపిస్తుంది. బొమ్మ కనిపించే కిటికీ అంచున ఉండే గ్రాఫిక్స్ టూల్‌బార్ అది. వెర్టెక్స్ (మూల), ఎడ్జ్ (అంచు), ఫేస్ (తలం), బాడీ (మొత్తం భాగం) అనేవాటిలో మౌస్ నొక్కు దేన్ని పట్టుకోవాలో నిర్ణయించే ఫిల్టర్లు అక్కడే ఉంటాయి. ఫేస్‌ను ఎంచుకోబోతే మొత్తం బాడీ ఎంపికవుతూ ఉంటే కారణం రిబ్బన్‌లో వెతికినా దొరకదు. ఫిల్టర్ బాడీ మీద ఉండిపోయిందన్నమాట. కంట్రోల్‌తో పాటు బి నొక్కితే బాడీ, ఎఫ్ నొక్కితే ఫేస్, ఇ నొక్కితే ఎడ్జ్, పి నొక్కితే వెర్టెక్స్ ఫిల్టర్లు వస్తాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా వేళ్లకు అలవాటు చేయవలసిన షార్ట్‌కట్లు ఇవే.

ఒక కాంటిలీవర్ బీమ్‌తో నడక

200 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీని ఒక కొసన బిగించి, రెండో కొసన మందం దిశలో 100 న్యూటన్ల బలం వేస్తే ఏమవుతుందో చూద్దాం. ఇలాంటి చిన్న లెక్కకు సమాధానం ముందే చేతితో కట్టవచ్చు. స్థితిస్థాపక గుణకం 200 గిగాపాస్కల్ అనుకుంటే కొస వంగుదల 0.8 మిల్లీమీటరు, బిగించిన చోట వంపు వల్ల వచ్చే స్ట్రెస్ 60 మెగాపాస్కల్. రిబ్బన్‌లో నడక నేర్చుకోవడానికి జవాబు తెలిసిన లెక్క కంటే మంచి తోడు లేదు, ఎందుకంటే తప్పిన అడుగు వెంటనే బయటపడుతుంది.

ట్రీలో జామెట్రీ కింద ఉన్న బాడీని ఎంచుకుంటే రిబ్బన్ జామెట్రీ ట్యాబును చూపుతుంది. పాయింట్ మాస్ వంటివి అక్కడ ఉన్నా, ఈ లెక్కలో ఆ దశకు కావలసింది ఒక్కటే, పదార్థం. అది రిబ్బన్‌లో కాదు, ఆ బాడీ డీటెయిల్స్‌లో ఉంటుంది. ఏమీ మార్చకపోతే స్ట్రక్చరల్ స్టీల్ అని రాసి ఉంటుంది. అల్యూమినియం భాగాన్ని విశ్లేషిస్తూ ఈ వరుసను చూడకుండా దాటినవారికి సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. ఉక్కు గుణకంతో లెక్క సాఫీగా పూర్తవుతుంది, వంగుదల సుమారు మూడో వంతే వస్తుంది.

మెష్ దశలో రిబ్బన్ నిజంగా సంపన్నంగా ఉంటుంది. మెథడ్, సైజింగ్, ఫేస్ మెషింగ్, రిఫైన్‌మెంట్, ఇన్‌ఫ్లేషన్ వంటి నియంత్రణలు, వాటి పక్కన జెనరేట్, నాణ్యతను కొలిచే మెట్రిక్ గ్రాఫ్ అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఈ పట్టీకి సైజింగ్ ఇచ్చి 5 మిల్లీమీటర్లు అంటే చాలు. నియంత్రణలను ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోవడానికి రిబ్బన్ ఆహ్వానిస్తున్నట్టే ఉంటుంది కానీ, ఒకే ఫేస్ మీద రెండు నియంత్రణలు తలపడినప్పుడు ఏది చెల్లిందో బటన్లు చెప్పవు. ఏ నియంత్రణకు ఏ బాడీ, ఏ ఫేస్ దక్కిందో ట్రీలో ఒక్కొక్కదాన్ని నొక్కి చూసుకోవలసిందే.

ఎన్విరాన్‌మెంట్ ట్యాబులో పని రెండు క్రమాల్లో చేయవచ్చు. ముందు ఫేస్‌ను ఎంచుకుని తర్వాత ఫిక్స్‌డ్ సపోర్ట్ నొక్కితే ఆ ఫేస్ తనంతట తానే డీటెయిల్స్‌లోకి చేరుతుంది. ముందు బటన్ నొక్కితే డీటెయిల్స్‌లో జామెట్రీ వరుస పసుపు రంగులో ఖాళీగా నిలుస్తుంది. అప్పుడు ఫేస్‌ను ఎంచుకుని అప్లై నొక్కాలి. మొదటి క్రమం వేగవంతమైనది, పొరపాటుకు తక్కువ తావిచ్చేది. రెండో క్రమంలో అప్లై మరిచిపోయి వేరే అంశం మీదికి వెళ్లినవారికి ట్రీలో ఆ ఆధారం పక్కన ప్రశ్నార్థకం మిగులుతుంది. ఫోర్స్ విషయంలో ఇంకొక మెలిక ఉంది. దాన్ని వెక్టర్‌గా ఇవ్వవచ్చు, కాంపొనెంట్లుగా ఇవ్వవచ్చు. వెక్టర్‌గా ఇచ్చినప్పుడు దిశను ఎంచుకున్న ఫేస్ లేదా ఎడ్జ్ నిర్ణయిస్తుంది కనుక, మందం దిశలో వేయవలసిన బలం పొడవు దిశలో పడిపోయే ప్రమాదం ఉంది. అలా పడితే వంగుదల బదులు మైక్రాన్లలో సాగుదల వస్తుంది. చేతి లెక్క 0.8 అని చెబుతున్నప్పుడు ఆ తేడా దాగదు.

సాల్వ్ బటన్ హోమ్‌లో ఉంటుంది, ఎఫ్5 నొక్కినా అదే. ఇక్కడ ట్రీలోని చిన్న గుర్తులను చదవడం రావాలి. ఆకుపచ్చ టిక్ ఉంటే ఆ అంశం సిద్ధం, ప్రశ్నార్థకం ఉంటే వివరాలు అసంపూర్ణం, పసుపు మెరుపు ఉంటే అది ఇంకా లెక్కకు రావాలి, ఎర్ర మెరుపు ఉంటే లెక్క విఫలమైంది. రిబ్బన్‌లో ఏ బటనూ ఇంత సమాచారం ఇవ్వదు. లెక్క ముగిసిన తర్వాత సొల్యూషన్ ట్యాబు నుంచి ఇంకొక ఫలితాన్ని చేర్చినా పసుపు మెరుపు వస్తుంది, మెష్ సైజు మార్చినా పసుపు మెరుపు వస్తుంది; కానీ రెండింటి ఖరీదు ఒకటి కాదు. మొదటిదానికి ఇవాల్యుయేట్ ఆల్ రిజల్ట్స్ చాలు, సాధించిన జవాబు నుంచి కొత్త బొమ్మ తీస్తుంది. రెండోదానికి మొత్తం లెక్క మళ్లీ కట్టాలి. గంటల కొద్దీ నడిచే పెద్ద మోడల్ మీద ఈ తేడా తెలియకపోతే ఒక పూట వృథా అవుతుంది.

ఫలితం బొమ్మను మార్చే బటన్లు

రిజల్ట్ ట్యాబు గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే నివేదికల్లోకి వెళ్లే బొమ్మలు ఇక్కడే తయారవుతాయి. టోటల్ డిఫార్మేషన్ బొమ్మలో మన పట్టీ విల్లులా వంగి కనిపిస్తుంది. 200 మిల్లీమీటర్ల పొడవుకు 0.8 మిల్లీమీటరు వంగితే కంటికి దాదాపు తిన్నగానే కనిపించాలి. విల్లులా కనిపించడానికి కారణం రిబ్బన్‌లోని ఆటో స్కేల్, వంపు కంటికి ఆనేలా దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపుతుంది. ట్రూ స్కేల్ ఎంచుకుంటే అసలు రూపం తెలుస్తుంది. రంగుల సంఖ్యలు రెండు సందర్భాల్లోనూ ఒకటే, ఆకారం మాత్రమే అతిశయం. రెండు భాగాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు కనిపించే బొమ్మలను చూసి కంగారుపడే ముందు ఈ ఒక్క అమరికను చూసుకోవాలి. అలాగే నివేదికలో బొమ్మ పెట్టేవారు స్కేలు గుణకాన్ని బొమ్మ కింద రాయడం చదివేవారి పట్ల కనీస బాధ్యత.

మాక్స్ బటన్ ఇంకా జాగ్రత్త కోరుతుంది. అది నొక్కగానే అత్యధిక స్ట్రెస్ ఉన్న చోట ఒక జెండా నిలుస్తుంది. మన పట్టీలో అది బిగించిన కొస అంచుల దగ్గర నిలుస్తుంది, విలువ 60 మెగాపాస్కల్‌ను మించుతుంది. మెష్‌ను ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది. ఫిక్స్‌డ్ సపోర్ట్ ఆ ఫేస్‌ను ఏ దిశలోనూ కదలనివ్వదు. పట్టీ వంగినప్పుడు అడ్డంగా కుంచించుకోవలసిన, వ్యాకోచించవలసిన పదార్థాన్ని కూడా పట్టి ఉంచుతుంది కనుక అక్కడ గణితపరంగా అంతులేని స్ట్రెస్ ఏర్పడుతుంది. నిజమైన బిగింపు అంత కఠినంగా ఉండదు. ఆ కొస నుంచి కాస్త దూరం జరిగి ఎంచుకున్న చోటి విలువను చూపే ప్రోబ్‌తో చూస్తే, ఆ చోటుకు చేతితో కట్టిన విలువతో ఫలితం చక్కగా కలుస్తుంది. మాక్స్ జెండా చూపిన సంఖ్యను పదార్థపు ఈల్డ్ స్ట్రెస్‌తో (అది శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే స్ట్రెస్‌తో) నేరుగా పోల్చి భాగం విఫలమవుతుందని తేల్చడం ఎంత తప్పో, ఆ జెండాను చూడనట్టు వదిలేయడమూ అంతే తప్పు.

ఒకే పేరున్న బటన్ రెండు విశ్లేషణల్లో రెండు అర్థాలివ్వడం కూడా ఈ ట్యాబు దగ్గరే జరుగుతుంది. స్టాటిక్ స్ట్రక్చరల్‌లో టోటల్ డిఫార్మేషన్ చూపే 0.8 మిల్లీమీటరు నిజంగా కొలవదగిన పొడవు. భాగం సహజంగా ఎలా కంపిస్తుందో చూసే మోడల్ (modal) అనాలిసిస్‌లో అదే పేరుతో వచ్చే బొమ్మలోని అంకెకు అలాంటి అర్థం లేదు. అక్కడ సహజ పౌనఃపున్యం, కంపన ఆకృతి మాత్రమే నమ్మదగినవి. ఆ ఆకృతి పరిమాణం ద్రవ్యరాశిని ఆధారం చేసుకుని సాఫ్ట్‌వేర్ వేసుకున్న కొలబద్ద మాత్రమే. బటన్ ఒకటే, రంగుల పట్టిక ఒకటే, యూనిట్ కూడా మిల్లీమీటర్లే అని రాసి ఉంటుంది. ట్రీలో ఆ ఫలితం ఏ విశ్లేషణ కింద ఉందో చూసినప్పుడే అర్థం తేలుతుంది.

రిబ్బన్‌లో లేని నిర్ణయాలు

ఫలితాన్ని తలకిందులు చేయగల నిర్ణయాల్లో కొన్నింటికి రిబ్బన్‌లో ముఖ్యమైన చోటు లేదు. వాటిలో ముందు చెప్పవలసింది లార్జ్ డిఫ్లెక్షన్, అంటే పెద్ద వంగుదలల వల్ల ఆకారం మారడాన్ని లెక్కలోకి తీసుకునే అమరిక. అనాలిసిస్ సెట్టింగ్స్ డీటెయిల్స్‌లో ఒక వరుసగా ఉంటుంది, మొదట ఆఫ్‌లో ఉంటుంది. మన పట్టీకి ఆఫ్ సరిపోతుంది. అదే పట్టీ మందాన్ని 1 మిల్లీమీటరుకు తగ్గించి, కొసన 10 న్యూటన్లు వేస్తే, ఆఫ్‌లో ఉన్న లెక్క 80 మిల్లీమీటర్ల వంగుదల చూపుతుంది. పట్టీ కొస నేరుగా కిందికి దిగుతుందే తప్ప బిగించిన వైపునకు జరగదు, అంటే పట్టీ పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆన్ చేస్తే వంగుదల సుమారు 70 మిల్లీమీటర్లకు తగ్గి, కొస లోపలికి కూడా జరుగుతుంది. ఈ వ్యత్యాసాన్ని తెచ్చిన నిర్ణయం రిబ్బన్‌లో ఎక్కడా కళ్లెదుట లేదు.

కాంటాక్ట్ కూడా అంతే. రెండు భాగాలున్న అసెంబ్లీని తెరిస్తే, తగిలి ఉన్న ఫేస్‌ల మధ్య సాఫ్ట్‌వేర్ తానే కాంటాక్ట్‌లను సృష్టిస్తుంది, మామూలుగా వాటన్నిటినీ బాండెడ్‌గా పెడుతుంది. బాండెడ్ అంటే రెండూ జిగురుతో అతికినట్టే, జారవు, విడిపోవు. బోల్టులతో బిగించిన బ్రాకెట్, దాని కింది ప్లేటు అలా అతికి ఉంటే జాయింటు అసలు కంటే గట్టిగా కనిపిస్తుంది. కనెక్షన్స్ ట్యాబులో ఫ్రిక్షనల్, నో సెపరేషన్ వంటివన్నీ కొత్త కాంటాక్ట్‌గా చేర్చడానికి సిద్ధంగా ఉంటాయి. ఉన్న కాంటాక్ట్ ఏ రకమో మాత్రం డీటెయిల్స్‌లో చూడాలి. కొత్తగా చేర్చడానికి సంబంధించిన క్రియలను చూపడంలో రిబ్బన్ దిట్ట. ఇప్పటికే చేరిపోయినవాటి గురించి అది మౌనంగా ఉంటుంది, ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు.

రిబ్బన్ ఒక్కటే దారి కాదని ఇతర సాఫ్ట్‌వేర్లు చూపుతాయి. అబాకస్ సీఏఈలో రిబ్బన్ లేదు. పార్ట్, ప్రాపర్టీ, అసెంబ్లీ, స్టెప్, ఇంటరాక్షన్, లోడ్, మెష్, జాబ్, విజువలైజేషన్ అంటూ మాడ్యూళ్ల జాబితా ఉంటుంది, మాడ్యూల్ మార్చినప్పుడు పక్కనున్న పనిముట్లు మారుతాయి. అక్కడ ఏ దశలో ఉన్నామో వినియోగదారుడే ప్రకటించాలి. పైగా అబాకస్ యూనిట్లను పట్టించుకోదు. మిల్లీమీటర్లు, న్యూటన్లతో పనిచేసేవారు ఉక్కు సాంద్రతను (ఘన మీటరుకు కిలోగ్రాముల లెక్కన) 7850 అని కాక, టన్నుల లెక్కన ఘన మిల్లీమీటరుకు 7.85ను 10 ఘాతం మైనస్ 9తో గుణించిన విలువగా ఇవ్వాలి. ఆన్సిస్ మెకానికల్‌లో హోమ్ ట్యాబు యూనిట్స్ మార్చితే ఉన్న విలువలు తామే మారి కనిపిస్తాయి. ఒకదానికి అలవాటుపడి రెండోదానికి వెళ్లేవారికి బటన్ల తేడా కంటే ఈ తేడా ప్రమాదకరం. కామ్సాల్ మధ్యేమార్గం. జామెట్రీ, మెటీరియల్స్, ఫిజిక్స్, మెష్, స్టడీ, రిజల్ట్స్ ట్యాబులు పని క్రమంలోనే ఎడమ నుంచి కుడికి ఎప్పుడూ నిలిచి ఉంటాయి, ప్లాట్ గ్రూప్ వంటివి ఎంచుకున్నప్పుడు మాత్రం అదనపు ట్యాబు వస్తుంది. క్రమం కళ్లముందే ఉండడం కొత్తవారికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు.

దొరకనప్పుడు వెతకడం

రిబ్బన్ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కూడా అందరికీ ఒకేలా కనిపించదు. విండో వెడల్పు తగ్గేకొద్దీ బటన్ల పేర్లు మాయమై బొమ్మలే మిగులుతాయి, ఆ తర్వాత విభాగాలు ముడుచుకుని కింది బాణాల్లోకి చేరతాయి. పెద్ద తెర మీద ఉపాధ్యాయుడు చూపిన బటన్ విద్యార్థి 1366 పిక్సెళ్ల వెడల్పు ల్యాప్‌టాప్‌లో కనిపించకపోవడానికి తరచుగా ఇదే కారణం. 2019కి ముందు తయారైన ల్యాబ్ మాన్యువల్స్, వీడియోలు ఇంకా వాడుకలో ఉండడం రెండో ఇబ్బంది. వాటిలోని టూల్‌బార్ బొమ్మలు ఇప్పటి తెరతో కలవవు. కానీ ట్రీలో అంశం మీద రైట్ క్లిక్ చేసి ఇన్సర్ట్ ద్వారా చేర్చే దారి పాత వెర్షన్లలోనూ కొత్తవాటిలోనూ ఉంది. పాత పాఠంతో కొత్త సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారు ఆ దారిని నమ్ముకోవడం మంచిది. బోధించేవారు కూడా పాఠాన్ని ఏ బటన్ ఎక్కడుందో చెప్పి కాక, ట్రీలో ఏ అంశం మీద నిలబడి ఏం చేర్చాలో చెప్పి రాస్తే, తర్వాతి వెర్షన్ వచ్చినా ఆ పాఠం చెల్లుతుంది.

పేరు తెలిసి చోటు తెలియనప్పుడు కుడివైపు పైన ఉండే క్విక్ లాంచ్ పెట్టెలో పేరు టైప్ చేస్తే చాలు. అక్కడి నుంచే ఆదేశాన్ని నడపవచ్చు, అది రిబ్బన్‌లో ఎక్కడుందో చూపమని అడగవచ్చు. నేర్చుకునే దశలో రెండోది ఎంచుకోవడం మేలు. రోజూ వాడే ఆదేశాలను పైనున్న క్విక్ యాక్సెస్ వరుసలో చేర్చుకుంటే ట్యాబుల మధ్య తిరగవలసిన పని తగ్గుతుంది, అయితే ఉమ్మడి ల్యాబ్ కంప్యూటర్లలో ఆ అమరిక తర్వాతివారికి అయోమయం కలిగించవచ్చు.

ఒకే పనిని పదేపదే చేసేవారికి ఆటోమేషన్ ట్యాబులోని స్క్రిప్టింగ్ తలుపు తెరుస్తుంది. ఇటీవలి వెర్షన్లలో చేసిన పనులను పైథాన్ వాక్యాలుగా రికార్డు చేసే సౌకర్యం కూడా ఉంది. ఫిక్స్‌డ్ సపోర్ట్ చేర్చి, రికార్డైన వాక్యాన్ని చదివితే అందులో రిబ్బన్ ఊసే ఉండదు. ముందు విశ్లేషణ, దానికి యాడ్ ఫిక్స్‌డ్ సపోర్ట్ అన్న క్రియ, తర్వాత లొకేషన్ అన్న వివరం, ఇదీ వరుస. ట్రీ, క్రియ, డీటెయిల్స్ అదే క్రమంలో మళ్లీ కనిపిస్తాయి. అలా రికార్డైన స్క్రిప్టును ఇంకో మోడల్‌కు వాడబోయే ముందు ఒక సవరణ తప్పనిసరి. రికార్డింగ్ ఫేస్‌లను వాటి గుర్తింపు సంఖ్యలతో రాసుకుంటుంది, జామెట్రీ మారితే ఆ సంఖ్యలు వేరే ఫేస్‌లకు చెందవచ్చు, ఆధారం తప్పు చోట పడినా స్క్రిప్టు ఫిర్యాదు చేయదు. బిగించవలసిన ఫేస్‌కు ముందే ఒక నేమ్డ్ సెలెక్షన్ పెట్టి, స్క్రిప్టులో సంఖ్య బదులు ఆ పేరునే వాడితే, కొత్త మోడల్‌లోనూ ఆ పేరు ఏ ఫేస్‌కు ఇచ్చారో ట్రీలో ఒక్క నొక్కుతో సరిచూసుకోవచ్చు.